పాట సముద్రం దాటింది, కూలి చేతికి రాలేదు

2023 ఆగస్టు 6న హైదరాబాదులో గద్దర్ కన్నుమూశాడు. పాటగాణ్ణి సాగనంపడానికి జనం ఎట్లా కదిలి వచ్చారో అందరికీ ఎరుకే. రెండు రోజులు గడిచాక, 8వ తేదీన, అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో మరో పాటగాడు చనిపోయాడు. పేరు సిక్స్‌టో రోడ్రిగెజ్. వయసు 81. మన పల్లెల్లో ఆ పేరు విన్నవాళ్లు ఉండకపోవచ్చు. మన సంగతి అట్లా ఉంచండి. ఆయన పుట్టి పెరిగిన దేశంలోనే నలభై ఏళ్లపాటు ఆ పేరు ఎవరికీ పట్టలేదు.

ఆ చావు వార్త చూశాకనే మేము ఆయన పాటలు వెతికి పట్టుకుని విన్నాము. ఇంగ్లీషు పాటలు, అందులోనూ ఆ ఊరి యాస. ఒక్కసారి వింటే అంతుపట్టవు. తెలిసినవాళ్లతో అర్థం చెప్పించుకుని మళ్లీ విన్నాము. ఒక గిటారు, పల్చటి గొంతు, గుండెను మెల్లగా పిండే దిగులు.

కూలీల సంగతులు రాసే చోట అమెరికా పాటగాడి గొడవ ఎందుకని ఎవరైనా అడగొచ్చు. రోడ్రిగెజ్ బతుకంతా రెక్కల కష్టం చేసిన కూలీ. ఆయన పాట కట్టింది కూలీపేటల బతుకు మీద. ఆ పాటలకు వచ్చిన రాబడి ఆయన దాకా రాకుండా దారిలోనే మాయమైంది. మన పాఠకులకు ఇంతకన్నా తెలిసిన కథ ఇంకేముంటుంది?

కార్ల ఊళ్లో ఆరో బిడ్డ

రోడ్రిగెజ్ 1942 జులై 10న డెట్రాయిట్‌లో పుట్టాడు. ఇంట్లో ఆరో సంతానం, అందుకే స్పానిష్ భాషలో 'ఆరోవాడు' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. తండ్రి 1920లలో మెక్సికో నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాడు. పిల్లవాడికి మూడేళ్ల వయసులోనే తల్లి చనిపోయింది.

డెట్రాయిట్ అంటే కార్ల ఊరు. ఫోర్డు, జనరల్ మోటార్స్, క్రిస్లర్ కంపెనీలు అక్కడే పెరిగాయి. మన పాలమూరు జనం బొంబాయి బస్సెక్కినట్టు, అమెరికా దక్షిణాది పత్తి చేలనుంచి నల్లజాతి కూలీలు వేలకు వేలు ఆ ఊరికి వలస వచ్చారు. మెక్సికో జనమూ వచ్చారు. 1950లో ఆ నగర జనాభా 18 లక్షల 50 వేలు. పని దొరికింది గాని మర్యాద దొరకలేదు. కష్టమైన పనులన్నీ నల్లవాళ్లకు, పెత్తనం తెల్లవాళ్లకు. 1967 జులైలో నల్లజాతి పేటలు తిరగబడ్డాయి. ప్రభుత్వం సైన్యాన్ని దించింది. 43 మంది చనిపోయారు. మరుసటి ఏడు క్రిస్లర్ వారి డాడ్జ్ ఫ్యాక్టరీలో నల్లజాతి కార్మికులు తమ సొంత విప్లవ సంఘం పెట్టుకున్నారు.

ఆ రోజుల్లోనే రోడ్రిగెజ్ పగలు కూలి పని చేసుకుంటూ, రాత్రిళ్లు కల్లు దుకాణాల్లాంటి చిన్న చిన్న బార్లలో పాడేవాడు. నది ఒడ్డున ఒక బారులో ఆయన పాట విన్నవాళ్లు మైక్ థియోడోర్, డెన్నిస్ కాఫీ అనే ఇద్దరు సంగీతకారులు. ఆయన జనం వైపు వీపు పెట్టి పాడుతున్నాడట. వాళ్ల చొరవతో 1970 మార్చిలో 'కోల్డ్ ఫ్యాక్ట్' అనే రికార్డు వచ్చింది. 1971లో 'కమింగ్ ఫ్రమ్ రియాలిటీ' అని రెండోది వచ్చింది. రెండూ అమెరికాలో అమ్ముడుపోలేదు. కంపెనీ ఆయన్ని వదిలేసింది. 1975 నాటికి ఆ ససెక్స్ కంపెనీయే మూతబడింది.

రోడ్రిగెజ్ గునపం పట్టాడు. పాత ఇళ్లు పడగొట్టడం, రాయీరప్పా ఎత్తిపోయడం, మరమ్మతులు చేయడం, ఇదీ ఆయన పని. తోటి మేస్త్రీ ఒకాయన చెప్పేదాన్ని బట్టి, ఒక్కోసారి ఈ దుమ్ము పనికే పెళ్లికి పోయినట్టు సూటు తొడుక్కొచ్చేవాడట. పనిమీద ఆయనకున్న గౌరవం అది. 1976లో ప్రభుత్వ వేలంలో 50 డాలర్లకు ఒక పాడుబడ్డ ఇల్లు కొనుక్కున్నాడు. పెళ్లాం పిల్లల్ని ఆ కూలితోనే సాకాడు. పనిచేసుకుంటూనే చదివి 1981లో వేన్ స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి తత్త్వశాస్త్రంలో పట్టా తీసుకున్నాడు. మేయరు పదవికీ, నగర కౌన్సిలుకూ పోటీ చేశాడు. గెలవలేదు.

దిగులు పాటకు విలువ లేదా?

మన కార్యకర్తల్లో కొందరికి దిగులు పాటంటే చులకన. పాటంటే పిడికిలెత్తాలి, అడుగు ముందుకేయించాలి, ఏడుపు పాట ఎందుకంటారు. రోడ్రిగెజ్ పాటలు విన్నాక మేము ఈ మాట మీద చాలాసేపు వాదించుకున్నాము.

ఆయన రాసిన పాటల్లో ఒకటి మత్తుమందు అమ్మేవాడిని ఉద్దేశించినది. పాడేవాడు మత్తుకు బానిసైన మనిషి. ఎదుటివాణ్ణి తిట్టడు, తనను తాను సమర్థించుకోడు. బతుకు రంగు వెలిసిపోయిన మనిషి ఆ మందునే ఎందుకు బతిమాలుకుంటాడో మనకు తెలిసేటట్టు పాడతాడు. మన పల్లెల్లో సారా ఎట్లా ఇళ్లు ముంచిందో చూసిన ఆడవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మరో పాటలో పండగ ముందర పని ఊడినవాడి గోడు ఉంది. ఇంకో పాటకు 'ధనవంతుల బూటకం' అని అర్థం వచ్చే పేరే పెట్టాడు. పాలక వ్యవస్థను ఎత్తిచూపే పాటకు 'బ్లూస్' అని పేరు తగిలించాడు. బ్లూస్ అంటే అమెరికా దక్షిణాదిలో నల్ల కూలీల పాటల్లోంచి పుట్టిన దిగులు పాట. పత్తి చేలల్లో పుట్టిన ఆ బాణీ కూలీలతోపాటే రైలెక్కి కార్ల ఊరికి చేరింది.

ఈ పాటలు విని జెండా పట్టుకుని బయల్దేరతారని మేము అనము. కాని 1970లో సంపన్న దేశపు నడిబొడ్డున పేదవాడు ఎట్లా బతికాడని అడిగితే ఇవి సాక్ష్యం చెప్తాయి. ఆ లెక్కలు సర్కారు కాగితాల్లో దొరకవు. నాట్లలో నడుం విరిగిన ఆడమనిషి పొద్దుగూకి తీసే రాగం కూడా అట్లాంటిదే. దుఃఖాన్ని ఉన్నదున్నట్టు చెప్పనిస్తేనే గదా, దానికి కారణమెవరో మాట్లాడుకోగలం.

గీతలు గీకిన రికార్డు

అమెరికాలో చచ్చిపోయిందనుకున్న రికార్డు దక్షిణాఫ్రికాలో బతికింది. అక్కడ 1948 నుంచీ జాత్యహంకార ప్రభుత్వం నడిచింది. నల్లవాళ్లకు ఓటు లేదు, నచ్చిన చోట ఉండే హక్కు లేదు. తెల్ల పిల్లలకు అన్నీ ఉన్నాయిగాని పై ప్రపంచం గాలి తగలనివ్వలేదు. టెలివిజన్‌ను సైతం 1976 దాకా రానివ్వలేదు. తెల్ల కుర్రాళ్లు సైన్యంలో పనిచేయడం తప్పనిసరి. 1970ల మొదట్లో 'కోల్డ్ ఫ్యాక్ట్' ఆ దేశం చేరింది. టేపుల మీద ఎక్కించుకుని ఒకరినుంచి ఒకరు తీసుకున్నారు. బ్యారక్కుల్లో కూడా విన్నారు. ప్రభుత్వాన్ని తిట్టొచ్చునన్న సంగతే ఈ పాటలు విన్నాక మాకు తట్టిందని ఆ తరంవాళ్లు తర్వాత చెప్పుకున్నారు. 1989లో ఊరూరా తిరిగి సొంత ప్రభుత్వాన్నే ఎగతాళి చేసిన ఆఫ్రికానర్ యువ గాయకుల మీద ఈ పాటల ప్రభావం ఉంది.

సర్కారుకు ఇది తెలియకపోలేదు. ప్రభుత్వ రేడియో భద్రపరచిన రికార్డు మీద, మత్తుమందు పాట ఉన్నచోట, వాడి మొనతో గీతలు గీకేశారు. మళ్లీ ఎవరూ ముల్లు పెట్టి మోగించకూడదని.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పుకోవాలి. రోడ్రిగెజ్ పాటలే దక్షిణాఫ్రికాను కదిలించాయన్నట్టు కొందరు రాస్తారు. అది అతిశయోక్తి. ఆయన్ని విన్నవాళ్లలో ఎక్కువమంది తెల్ల యువకులు. ఆ దేశాన్ని విముక్తి చేసింది నల్లజాతి ప్రజలు, వాళ్లకు వాళ్ల పాటలున్నాయి. వుయిసిలే మిని అనే కార్మిక నాయకుడు పాటలు కట్టి జనం చేత పాడించాడు. 1964లో ఆయన్ని ప్రిటోరియా జైల్లో ఉరి తీశారు. అట్లాంటివాళ్ల పక్కన రోడ్రిగెజ్‌ది చిన్న పాత్రే. పాలించేవాళ్ల ఇళ్లలోని పిల్లలకు అనుమానం నేర్పింది. ఆ మేరకు దాన్ని గుర్తిస్తే చాలు.

బతికున్నవాణ్ణి చంపిన పుకారు

ఇంతమంది వింటున్నా పాడినవాడెవరో ఆ దేశంలో ఎవరికీ తెలియదు. వేదిక మీదే ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడని ఒక పుకారు, తుపాకితో కాల్చుకున్నాడని మరొకటి. ఆ సమయాన ఆ మనిషి డెట్రాయిట్‌లో గోడలు పడగొడుతున్నాడు. ఆస్ట్రేలియాలో కూడా రికార్డు బాగా పోయి, 1979లో, 1981లో అక్కడికి పిలిపించి పాడించారు. అదయ్యాక మళ్లీ ఇంటికి, మళ్లీ గునపం.

1990లలో కేప్‌టౌన్‌కు చెందిన స్టీఫెన్ సెగర్‌మన్, క్రెయిగ్ బార్తొలొమ్యూ అనే ఇద్దరు అభిమానులు ఈ మనిషి ఆరా తీశారు. పాటలో వచ్చే డియర్‌బోర్న్ అనే ఊరి పేరు పట్టుకుని డెట్రాయిట్ దాకా వచ్చారు. 1997లో రోడ్రిగెజ్ బతికే ఉన్నాడని తేలింది. 1998 మార్చిలో ఆయన దక్షిణాఫ్రికా వెళ్లాడు. అప్పటికి జాత్యహంకార పాలన పోయి నాలుగేళ్లయింది. వేలమంది తన పాటలు తనకన్న ముందే అందుకుని పాడుతుంటే 55 ఏళ్ల కూలీ వేదిక మీద నిలబడ్డాడు. తిరిగొచ్చి మళ్లీ అదే ఇంట్లో ఉన్నాడు, అదే పనికి పోయాడు. వచ్చిన డబ్బులో చాలా భాగం ఇంటివాళ్లకు, స్నేహితులకు పంచేశాడని ఆయన కూతురే చెప్పింది.

లెక్క ఎక్కడ తెగింది?

2012లో మాలిక్ బెంజలూల్ అనే స్వీడన్ దర్శకుడు ఈ కథను 'సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్' అనే డాక్యుమెంటరీగా తీశాడు. 2013లో దానికి ఆస్కార్ బహుమతి వచ్చింది. రోడ్రిగెజ్ ఆ సభకు పోలేదు. సినిమా బాగుంటుంది, చూడదగ్గదే. కాని ఆస్ట్రేలియా సంగతి అందులో లేదు. కథ మరీ అద్భుతంగా కనబడాలని దాన్ని వదిలేసినట్టుంది.

ఆ సినిమాలో మాకు ముఖ్యమనిపించింది డబ్బు ప్రశ్న. దక్షిణాఫ్రికాలో ఐదు లక్షల ప్రతుల దాకా అమ్ముడుపోయి ఉంటాయని అందులో అంచనా వేస్తారు. పాట కట్టినవాడికి ప్రతి రికార్డు మీద కొంత ముట్టాలి, దాన్ని రాయల్టీ అంటారు. అక్కడి కంపెనీలేమో మేము అమెరికా కంపెనీకి పంపామంటాయి. అమెరికా కంపెనీ యజమాని క్లారెన్స్ అవాంట్‌ను అడిగితే, 1970 నాటి ఒప్పందాన్ని ఇప్పుడు పట్టించుకునేదేముందన్న ధోరణిలో విసుక్కుంటాడు. రోడ్రిగెజ్‌కు మాత్రం ఆ అమ్మకాల సంగతే దశాబ్దాలపాటు తెలియదు.

ఇంకో చిక్కు చూడండి. 'కోల్డ్ ఫ్యాక్ట్' రికార్డు మీద పాటల రచయిత పేరు సిక్స్‌టో రోడ్రిగెజ్ అని సరిగా వేయలేదు. కొన్నిటికి 'జీసస్ రోడ్రిగెజ్' అని, కొన్నిటికి 'సిక్స్త్ ప్రిన్స్' అని వేశారు. అంతకుముందు ఆయనతో ఒప్పందం ఉన్న మరో కంపెనీ, తనను తప్పించడానికే పేర్లు మార్చారని 2014లో అవాంట్ మీద దావా వేసింది. రోడ్రిగెజ్ కూడా కోర్టుకెక్కాడు. అప్పటికి రికార్డు వచ్చి 44 ఏళ్లు.

మస్తర్ రోల్‌లో పేరు తప్పు పడితే కూలి ఎవరి ఖాతాకు పోతుందో ఉపాధి పనికి పోయిన ప్రతి మనిషికీ తెలుసు. రికార్డు అట్ట మీదా అంతే జరిగింది. మధ్యన మనుషులు పెరిగేకొద్దీ ప్రతివాడూ పక్కవాణ్ణి చూపిస్తాడు. చేసినవాడు చివరన నిలబడతాడు.

సినిమాకు బహుమతి వచ్చిన ఆ 2013లోనే, జులైలో, డెట్రాయిట్ నగరం దివాలా తీసింది. 18 లక్షలు దాటిన జనాభా 2010 నాటికి 7 లక్షలకు పడిపోయింది. ఫ్యాక్టరీలు తరలిపోయాయి. రిటైరైన మునిసిపల్ కార్మికుల పింఛన్లకు కోత పడింది. రోడ్రిగెజ్ పడగొట్టిన ఇళ్లు ఒకప్పుడు కార్మికులు కట్టుకున్న ఇళ్లే. ఒక కూలీకి ఆలస్యంగానైనా పేరొచ్చిందని సంతోషించే పత్రికలు, ఊరు ఊరంతా ఎట్లా కూలిందో అంత శ్రద్ధగా అడగలేదు.

మనం చేయవలసింది

చివరి పదేళ్లు ఆయనకు సుఖంగానే గడిచాయి. గ్లకోమాతో చూపు మందగించినా దేశదేశాలు తిరిగి పాడాడు. 2013లో వేన్ స్టేట్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. వెతికేవాళ్లు ఇద్దరు దొరకబట్టి ఆయనకు ఆ మాత్రం జరిగింది. వెతికే దిక్కులేక పోయినవాళ్ల సంఖ్య ఎవరు చెప్పగలరు?

మన ఊళ్లలోనూ కలుపు తీస్తూ, వరి నూరుస్తూ, బండ కొడుతూ పాట కట్టినవాళ్లున్నారు. వాళ్ల పాట సభల్లో పాడతాము, క్యాసెట్లు పోయి ఫోన్లు వచ్చాక అందులోనూ వింటాము. కట్టిందెవరంటే 'జానపదం' అని ఒక్క మాటతో దాటేస్తాము. ఇకనుంచి ఒక పని చేద్దాము. సంఘం సభలో పాట ఎత్తుకునే ముందు, ఇది ఫలానా ఊరి ఫలానా అక్క కట్టింది, ఫలానా తాత కట్టాడు అని పేరు చెప్పి పాడండి. తెలియకపోతే కనుక్కోండి. ఊరికొక నోటుపుస్తకం పెట్టి పాట, పేరు, ఏడు రాసి ఉంచండి. బతికున్న పాటగాళ్ల ఇంటికి పోయి ఎట్లా ఉన్నారో చూసి రండి. ఆ పాట ఎవరైనా అమ్ముకుంటుంటే, ఈ పుస్తకం చూపించి అందులో వాళ్ల వాటా ఎంతో అడగండి.