తక్‌పట్టీ వెనుకనున్న బొమ్మ

ఈ పూట ఒక చిన్న కాగితమును గూర్చి ముచ్చటింతును.

ఆర్మూరులో ఒక పసుపు రైతు ఇంట నాకొక తక్‌పట్టీని చూపిరి. ఒకవైపున బస్తాల లెక్క, తూకము, ధర, అడ్తి కోత. రెండవవైపున ఆ యింటి చిన్నవాడు సిరాతో గీసిన గీతలు: క్రింద దట్టముగాను, పైకి పోవుకొలది పలుచగాను ఉన్నవి. నడుమ ఒక పసుపు వ్రేలిముద్ర. చెట్టు కాదు, మనిషి కాదు. ఇదేమని తాతగారడుగగా, "ఏమీ కాదు తాతా" అని వాడనెను. ఏమీ కానిదానికై లెక్క కాగితము పాడుచేసితివా యని ఆయన కోపించెను.

కోపము న్యాయమే. ఆ చీటి రైతునకు సాక్ష్యము. కాని "ఏమీ కాదు" అను మాటను ఆయన తొందరపడి నమ్మెనని నా తలంపు.

మీరు పసుపు కొమ్మును విఱిచి లోపలి వన్నె చూతురుగదా! అది దేనిని పోలియున్నదని ఎవ్వరు నడుగరు. రంగు ముదురా, గట్టిదనమున్నదా యని మాత్రమే చూతురు. వాకిట చుక్కలముగ్గును చూచునపుడును అంతే. రూపములేని బొమ్మకును ఆ చూపే చాలును. కలమెక్కడ ఒత్తినది, చేయి ఎక్కడ తడబడినది, ఎంత చోటు వదలినది చూడవలెను.

రవీంద్రనాథ ఠాకూరు తన వ్రాతప్రతులలో కొట్టివేసిన పంక్తులను కలిపి గీతలుగా అల్లెడివాడు. 1924లో అర్జెంటీనాయందు విక్టోరియా ఒకాంపో అను విదుషి వానిని చూచి ముగ్ధురాలయ్యెను. ఆమె పూనికతోనే 1930లో పారిసున ఆయన చిత్రముల ప్రదర్శనము జరిగెను. నిజమునకు ఆ అల్లికలలో పక్షులు, మృగములు తొంగిచూచుచునే యుండును. కాని మొదలు కొట్టివేతలే.

మన తెలుగువారిలో ఎస్. వి. రామారావు 1936లో గుడివాడలో జన్మించి, మద్రాసులో పణిక్కరుగారికడ నేర్చి, లండనులో చదివి, రూపములేని వర్ణచిత్రములకు పేరొందెను. 2001లో పద్మశ్రీ వచ్చెను. ఆయన పెద్ద నూనెరంగు చిత్రములను మన చీటితో పోల్చరాదు. చూచు విధ మొక్కటే.

ఇక కాగితము మాట. 1912లో పికాసో అనువాడు పారిసులో వార్తాపత్రిక ముక్కలను చిత్రములపై అంటించెను. అట్టి చౌక కాగితములో కొయ్యగుజ్జునందలి లిగ్నిన్ అను పదార్థము మిగిలియుండును. వెలుతురు, గాలి తగిలినకొలది అది పచ్చబడి పెళుసగును. పసుపు మరక ఎండలో వెలిసిపోవును, సున్నము తగిలిన ఎఱ్ఱబడును. కావున చూరున దోపరాదు, సున్నపు గోడకు అంటింపరాదు. మడవక, చీకటిలో, పొడిగా నుంచవలెను.

ఇంతయు చెప్పితిని. తాతగారు చీటిని మరల త్రిప్పి తూకము చూచుకొని, మడవకయే పెట్టెలో నుంచిరి. ఆ లెక్క ఇంకను తీరలేదట.