బావగారి ఒంటి పలక

ఆఫీసుకు కుర్చీలు, బీరువాలు, స్టేషనరీ కొటేషన్లు పిలిచి కొనడం ఇరవై యేళ్ళుగా మా ఉద్యోగం. మూడు కొటేషన్లు తెప్పించడం, తక్కువ ధర దానిక్రింద ఎర్రసిరాతో గీత గీయడం, పైవారి సంతకానికి పంపడం. ఇంతే మా విద్య. అటువంటి మేము ఒకనాడు అమెరికాలో ఒక దుకాణంలో నిలబడి, నీళ్ళమీద పరుగెత్తే పలకను బేరం చేయవలసి వస్తుందని కలలోనైనా అనుకోలేదు.

మా అక్కగారు, బావగారు ఫ్లారిడా రాష్ట్రంలో వింటర్ హేవెన్ అనే ఊరి దగ్గర చాలాకాలంగా ఉంటున్నారు. బావగారిది మా బరంపురమే. గోపాలపురం సముద్రంలో ఈత నేర్చిన మనిషి. అక్కడికి వెళ్ళిన కొత్తలో ఆఫీసు స్నేహితులు సరదాకు నేర్పిన నీళ్ళస్కీ ఆయనకు వ్యసనమైపోయింది. ఇప్పుడు ఆయనకు అరవై యొకటి. గత సంవత్సరం మేము సెలవు పెట్టి వెళ్ళేసరికి ఇంట్లో ఒక చిన్న యుద్ధం జరుగుతున్నది.

యుద్ధకారణం చెప్పే ముందు ఈ ఆట యేమిటో నాలుగు ముక్కలు చెప్పాలి. మన చిలికాలో పడవలు చూసినవారికి ఊహించుకోవడం కష్టం కాదు. మోటారు పడవ వెనుక త్రాడు, త్రాడు చివర పిడి, పిడి పట్టుకుని నీళ్ళమీద నిలబడ్డ మనిషి. 1922లో మిన్నెసోటా రాష్ట్రంలో, మిసిసిపీ నది వెడల్పై సరస్సులాగా మారే లేక్ పెపిన్‌లో, రాల్ఫ్ శామ్యూల్‌సన్ అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు దీనిని మొదట సాధించాడు. పీపా చెక్కలతో ప్రయత్నించాడు, మంచుమీద జారే స్కీలతో ప్రయత్నించాడు, లాభం లేకపోయింది. చివరకు ఎనిమిదడుగుల పొడుగు చెక్కలు రెండు తెచ్చి, తల్లి బట్టలు ఉడకబెట్టే గంగాళంలో కొసలు ఉడికించి పైకి వంచాడు. ఆ తల్లి యేమన్నదో చరిత్రకారులు వ్రాయలేదు. మా అక్కగారిని అడిగితే చెప్పగలదు.

రెండు పలకలు పోయి, ఒకే పలకమీద ఒక కాలి వెనుక ఒక కాలు పెట్టి నిలబడి, నీటిలో తేలే బంతులచుట్టూ ఇటూ అటూ తిరుగుతూ పోయేదాన్ని స్లాలమ్ అంటారు. పడవ నిట్టనిలువుగా పోతుంది. బంతులు ఆరు, ఆ దారినుంచి పదకొండున్నర మీటర్ల దూరంలో కుడి యెడమలుగా ఉంటాయి. ఆటగాడు నెగ్గుతున్నకొద్దీ త్రాడు కురచ చేస్తారు. పద్ధెనిమిదింబావు మీటర్లతో మొదలై, గట్టివాళ్ళ దగ్గర పదకొండుంబావుకు, ఇంకా తక్కువకు వస్తుంది. అంటే బంతిదాకా త్రాడే అందదన్నమాట. మిగిలినదంతా ఒళ్ళు వాల్చి, చేయి చాచి అందుకోవాలి. మేము మొదట నమ్మలేదు. బావగారు కాగితంమీద గీసి చూపించారు.

ఇక యుద్ధం. అంతకు ముందు శరత్కాలంలో బావగారు నీళ్ళలోనుంచి లేవబోయి తొడ వెనుక కండరం బెణికించుకున్నారు. ఈ ఆటలో అది పేరుపడ్డ దెబ్బ. నీటిలో గొంతుకూర్చుని, మోకాళ్ళు రొమ్ముకు ఆనించి, పలక కొసను పైకి తేల్చి ఉంచితే పడవ మెల్లగా లేపుతుంది. తొందరపడి మోకాళ్ళు చాచితే నీరు పలకను వెనక్కు నెడుతుంది, త్రాడు ఒంటిని ముందుకు లాగుతుంది, మధ్యన ఆ కండరం రెండువైపులా సాగుతుంది. కొందరికి పిరుదు ఎముక దగ్గర పూర్తిగా ఊడివచ్చి ఆపరేషనుదాకా పోతుంది. బావగారికి అంతదాకా రాలేదు. డాక్టరు మూడు నెలలు నీళ్ళ జోలికి పోవద్దన్నాడు. అక్కగారు ఆ మూడు నెలలను ముప్పై యేళ్ళు చేయాలని పట్టుపట్టింది.

"అరవై దాటినవాడికి పడవ వెనుక పరుగులేమిటిరా తమ్ముడూ, నువ్వైనా చెప్పు. చెరువులో మొసళ్ళు కూడా ఉన్నాయి" అన్నది.

మొసళ్ళ మాట నిజమే. అక్కడి నీళ్ళలో ఉన్నాయి. బావగారు మొసళ్ళ సంగతి యెత్తకుండా, "బనానా జార్జి" అని అక్కడ ప్రసిద్ధికెక్కిన జార్జ్ బ్లెయిర్ కథ చెప్పారు. 1915లో పుట్టిన ఆయన నలభై ఆరవయేట పలక కూడా లేకుండా ఉత్తకాళ్ళతో నీళ్ళమీద జారడం నేర్చి, తొంభై దాటాక కూడా మానలేదట. 2013లో పోయాడు. "ఆయన భార్యను నేను కాను గదా" అన్నది అక్కగారు.

మాకు ఇద్దరూ కావలసినవారే. రెండు రోజులు నోరు మూసుకుని, మూడవనాడు గ్యారేజిలోకి పోయి బావగారి పాత పలకను పరీక్షించాము. పద్నాలుగేళ్ళ క్రిందటిది. అరవై ఆరు అంగుళాల పొడవు, సన్నం. బూట్ల రబ్బరు బీటలు వారింది. ఒక అంచున పొర లేచి, వ్రేలితో నొక్కితే మెత్తగా దిగింది. లోపలికి నీరు దిగిందని అర్థం. గంటకు 34 మైళ్ళ వేగంలో పోయేనాడు కొన్నది. ఇప్పుడు ఆయన పోయేది 28. నీరు పలకను పైకెత్తే బలం వేగాన్ని దానితోనే హెచ్చవేసినట్లు పెరుగుతుంది, తరుగుతుంది. లెక్కవేసి చూస్తే పలక అదే అయినప్పుడు పాత బలంలో మూడింట రెండు వంతులే మిగిలింది. ఒంటి బరువు తగ్గలేదు సరికదా, అక్కగారి చేతి వంట ధర్మమా అని పన్నెండు పౌన్లు హెచ్చింది. చిన్న పలక నీటిమీదికి తేలేదాకా చేతులు, నడుము, తొడలే ఆ భారమంతా మోయాలి. బావగారు పడింది వయస్సువల్లనే కాదు, పలకవల్ల కూడాను. ఇది అక్కగారి ముందు లెక్కతో సహా చెప్పాము. ఆమె లెక్కల పంతులమ్మగా చేసిన మనిషి. కాగితం రెండుసార్లు చూసి, "అయితే పలక మార్చి ఒక్కసారి చూడనీ. మళ్ళీ బెణికితే ఆ పడవకు నేనే చిల్లు పెడతాను" అన్నది.

దుకాణంలో గోడనిండా పలకలే. ధరలు కొన్ని వందల డాలర్లతో మొదలై రెండువేలు దాటుతున్నాయి. ఖరీదైనవన్నీ కార్బన్ నారతో చేసినవి. తేలికగా, బిరుసుగా, కుర్రవాళ్ళ పోటీలకు తయారైనవి. బావగారి కన్ను సహజంగా వాటిమీదికే పోయింది. అరవై యేళ్ళవాడు పాతికేళ్ళవాడి చొక్కా కొనుక్కున్నట్లే ఇదీ! మేము ఆయన చేయి పట్టుకుని ప్రక్క గోడ దగ్గరకు తీసుకువెళ్ళాము.

దుకాణంవాడు ఓపికగా చెప్పాడు. అడుగుభాగం వంపు తక్కువైతే పలక వేగంగా, తేలికగా జారుతుంది. వంపు ఎక్కువైతే చక్కగా తిరుగుతుంది కాని నెమ్మదిస్తుంది, ప్రతి తిరుగుడు తర్వాతా లాగి వేగం తెచ్చుకోవాలి. ఆ లాగడం నడుముకు పని. వెడల్పు ఎక్కువైతే నీళ్ళలోనుంచి లేవడం సుఖం, తక్కువ వేగంలోనూ మునగదు. కాని మరీ వెడల్పైనది అంచుమీద వాలదు, పడవ వెనుక అలను కోసుకుంటూ అటునుంచి ఇటు పోయే ఆనందం పోతుంది. తోక క్రింద లోహపు రెక్క ఒకటి ఉంటుంది. దానిని అంగుళంలో వేయోవంతు లెక్కన జరుపుతూ గంటలకొద్దీ వాదించుకునేవారున్నారు. కంపెనీ పెట్టినచోట ఉంచి మరచిపోవడం మేలని అతడే అన్నాడు.

బూట్ల దగ్గర మాత్రం మాట గట్టిగా చెప్పాడు. రెండు కాళ్ళకూ నిండు బూట్లుంటే పడ్డప్పుడు రెండూ ఒక్కసారే ఊడాలి. ఒకటి ఊడి ఒకటి మిగిలితే చీలమండ పని చెడుతుంది. ముందు కాలికి లేసుల బూటు, వెనుక కాలికి వేళ్ళు దూర్చుకునే పట్టీ అయితే వెనుక కాలిని నీళ్ళలో చుక్కానిలాగా వ్రేలాడదీసి లేవవచ్చును, తరువాత దూర్చుకోవచ్చును. సబ్బునీళ్ళు పోసి రబ్బరులోకి కాలు నెట్టే బాధ కూడా తప్పుతుంది. వంగలేని నడుములకు అదొక వరమే.

పొడుగు నిర్ణయించడానికి బరువు, వేగం చెబితే పట్టిక చూస్తారు. పట్టిక ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క విధం. మా బావగారు బరువు చెప్పేటప్పుడు పది పౌన్లు తగ్గించి చెప్పబోయారు. మేము దగ్గాము. ఇటువంటిచోట అబద్ధం ఆడితే నీళ్ళే పట్టిస్తాయి.

మాకు నచ్చిన పద్ధతి యేమిటంటే, కొనకముందు పలకను చెరువుకు తీసుకుపోయి పరీక్షించుకోనిస్తారు. మా ఆఫీసులో ఈ పద్ధతి ఉంటే కిర్రుమనే కుర్చీలు సగం కొనకపోదుము. రెండు తెచ్చుకున్నాము. ఒకటి అన్నిటికంటె వెడల్పైనది. రెండవది రాడార్ కంపెనీ సెనేట్ అనే నడితరం వెడల్పుది, అరవై తొమ్మిది అంగుళాలు.

పొరుగాయన పడవ తోలాడు. అక్కడి చట్టం ప్రకారం లాగే పడవలో తోలేవాడు కాక వెనక్కు చూస్తూ ఉండే మనిషి ఒకడుండాలి, లేదా వెడల్పైన అద్దమైనా ఉండాలి. ఆ ఉద్యోగం మాకిచ్చారు. ఒడ్డున అక్కగారు చేతులు కట్టుకుని నిలబడ్డది.

మొదట వెడల్పుది. పడవ మెల్లగా కదిలింది, బావగారు కుర్చీలోనుంచి లేచినట్లు లేచారు. మేము చప్పట్లు కొట్టాము. రెండు చుట్లు తిరిగి వచ్చి, "ఎద్దుబండి" అన్నారు ముఖం చిట్లించి. సుఖమున్నది, ఆట లేదు.

రెండవది. మొదటిసారి లేవబోయి మోకాళ్ళు తొందరగా చాచారు. పిడి వదిలేసి మునిగారు. పిడి వదలడమే అక్కడ తెలివి. పట్టుకుని పంతం పట్టినందుకే అంతకుముందు దెబ్బ తగిలింది. అయినా మా గుండె ఆగినంత పనైంది. నీళ్ళలో తల కనిపించేదాకా ఒడ్డువైపు చూడలేదు. ఆయన చేయి ఎత్తి బాగానే ఉన్నానని సైగ చేసి, తొడ వెనుక తడుముకుని, మళ్ళీ కూర్చున్నారు. మేము యేమి చెప్పాలో తెలియక, "బావగారూ, మోకాళ్ళు, మోకాళ్ళు!" అని అరిచాము. ఈసారి కదలకుండా కూర్చున్నారు. పలక తనంతట తాను నీటిమీదికి వచ్చింది. వెనుక కాలు పట్టీలో దూర్చుకుని, కొంచెం సేపు తిన్నగా వచ్చి, ఎడమకు వాలారు. నీరు తెల్లని తెరలాగా లేచింది. అల దాటారు, తిరిగారు, మళ్ళీ దాటారు. అప్పుడు చూసిన ఆ ముఖం మా అక్క పెళ్ళిఫోటోలో ఉన్న ముఖమే.

సెనేటే కొన్నాము. ఆ సంవత్సరపుది కాక, అంతకు ముందటి సంవత్సరపు సరుకు మిగిలి ఉంటే ధర తగ్గించి ఇచ్చారు. మూడు కొటేషన్ల అలవాటు అక్కడా వదలలేదు లెండి. పాతవి వాడినవి ఇంకా చవకగా వస్తాయి గాని పొర లేచిందా, బూటు బీటలు వారిందా అని చూసుకోగలవారే వాటి జోలికి పోవాలి.

ఇంటికి వచ్చాక పాత పలకను యేమి చేద్దామని అడిగాము. బావగారు మాట్లాడలేదు. "నాకిచ్చేయండి, వడియాలు ఆరబెట్టుకుంటాను" అన్నది అక్కగారు. మరునాడు చూస్తే అది గ్యారేజి గోడకు మేకుమీద వ్రేలాడుతున్నది. బీటలు వారిన బూట్లు ఎవరో తుడిచిపెట్టారు.