ముక్కు పని నోటికి పడితే

ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. రోజుకు సుమారు 20 వేల సార్లు, దాదాపు 10 వేల లీటర్ల గాలి. అదంతా ముక్కు దారిన వెళ్తోందా, నోటి దారినా అన్నదాన్ని బట్టి పళ్ల ఆరోగ్యం మారుతుందని చాలామందికి తట్టదు.

ముక్కులోంచి వెళ్లే గాలి గొంతు చేరేలోపే వెచ్చబడుతుంది, తేమ పట్టుకుంటుంది. ముతక దుమ్ము అక్కడే చిక్కుకుంటుంది. (సికింద్రాబాద్ ప్యారడైజ్ సర్కిల్‌లో సిగ్నల్ పడే దాకా పీల్చే పీఎం 2.5 నలుసులు మాత్రం చాలావరకు ముక్కునూ దాటిపోతాయి.) ముక్కు చుట్టూ ఉన్న సైనస్‌లలో పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ కూడా ఆ గాలితోనే ఊపిరితిత్తులకు చేరి రక్తనాళాలను సడలిస్తుంది. నోటికి ఈ సరంజామా ఏదీ లేదు.

నోటికి ఉన్న రక్షణల్లా ఉమ్మే. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర ఊరుతుంది. పళ్ల మీది ఆమ్లాన్ని కడిగేదీ, పంటికి కాల్షియం తిరిగి అందించేదీ అదే. నిద్రలో ఆ ఊట దాదాపు ఆగిపోతుంది. నోరు తెరిచి పడుకుంటే మిగిలిన తడి కూడా ఆరిపోతుంది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 10 మందికి నోట్లో పీహెచ్ కొలిచే పరికరం అమర్చి పడుకోబెట్టారు. 2016లో వెలువడిన ఫలితం ఇది: మామూలుగా పడుకున్న రాత్రి సగటు 7.0, ముక్కుకు క్లిప్పు పెట్టిన రాత్రి 6.6. పది మందితో చేసిన చిన్న అధ్యయనం, పైగా 6.6తో పంటికి ముప్పేమీ లేదు. కానీ కొందరిలో మధ్యమధ్య 3.6 దాకా పడిపోయింది. ఎనామిల్ 5.5 దగ్గరే కరగడం మొదలెడుతుంది, 3.6 అంటే అంతకన్నా దాదాపు 80 రెట్ల ఆమ్లత్వం.

పిల్లల్లో దీని జాడ కంటికి కనిపిస్తుంది. ముందు పళ్ల మీది చిగురు చూడండి. పై పెదవి కప్పి ఉంచినంత మేర గులాబీ రంగే ఉంటుంది. పెదవి అందని చోట ఎర్రగా ఉబ్బి, ఎండి మెరుస్తుంది. అమ్మ దగ్గరుండి రెండు పూటలా తోమించినా అది పూర్తిగా తగ్గదు, ఎందుకంటే మూలం ముక్కులో ఉంది. చాలాసార్లు కారణం ఎడినాయిడ్లు: మూడు నుంచి ఏడేళ్ల మధ్య బాగా పెరిగి, తర్వాత కుంచించుకుపోయే కండ. లేదా ఏళ్ల తరబడి వదలని అలర్జీ జలుబు. నోరు తెరిచే ఉంటే నాలుక అంగిలికి ఆనదు, పై దవడ ఇరుకవుతుంది. పాల పళ్లు పోయి శాశ్వత ముందు పళ్లు వచ్చేదీ దాదాపు ఆ వయసులోనే, ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య.

గుక్కెడు నీళ్లు నోట్లో పట్టి, పెదాలు మూసి రెండు నిమిషాలు ఉండమనండి. ఇబ్బంది లేకుండా ఉంటే ముక్కు దారి తెరిచే ఉన్నట్టు, మిగిలింది అలవాటు. ఉండలేకపోతే ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. పళ్లు చూపించడానికి సికింద్రాబాద్‌లో 2001 నుంచి ఆర్మీ డెంటల్ కాలేజీ ఉంది, ముక్కు చూపించడానికి సర్కారు ఈఎన్‌టీ ఆసుపత్రేమో హైదరాబాద్ కోఠిలో ఉంది. ఆ కోఠి ప్రయాణం ఎగ్గొట్టి, ముందుకొచ్చిన పళ్లకు తీగలు కట్టించేస్తే, తీశాక పళ్లు మళ్లీ ముందుకు రావచ్చు.

నోరు తెరిచి పడుకునే పెద్దవాళ్ల దగ్గరికొస్తే గురకతో జాగ్రత్త. 1888, 1889ల్లో ఆరో నిజాం అండతో బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, మత్తుమందు క్లోరోఫాంను పరీక్షించడానికి నడిపిన హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు మత్తు డాక్టర్లకు చెప్పింది ఒకటే: నాడి కాదు, ఊపిరి చూడండి. క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయదన్న లారీ వాదన తర్వాత తప్పని తేలింది గానీ, ఊపిరి మీద కన్నేయమన్న మాట ఇంట్లో గురక పెట్టేవాళ్ల విషయంలో ఇప్పటికీ పనికొస్తుంది. నిద్రలో పది సెకన్లో, ఆపైనో ఊపిరి ఆగడం, బాగా తగ్గడం గంటకు ఐదుసార్లు దాటితే స్లీప్ ఆప్నియా. 30కి చేరితే తీవ్రం. ఎనిమిది గంటల నిద్రలో అది 240 సార్లు. బీపీ పెరగడానికి ఇదొక దారి.

నోటికి టేపు అంటించుకుని పడుకోమనే రీళ్లు ఈమధ్య తెగ తిరుగుతున్నాయి. ముక్కు మూసుకుపోయేవాళ్లు, ఆప్నియా ఉందేమోనని అనుమానమున్నవాళ్లు ఆ పని చేయకూడదు. పిల్లలకైతే అసలే వద్దు.