గంట లేని కొలువు: కుర్చీ పనిలో ఆరోగ్యం

పాలమూరు మనిషి అంటే ఒకప్పుడు పార, గడ్డపార గుర్తొచ్చేవి. ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా మన జిల్లా కూలీలు బతుకుదెరువు కోసం వెళ్లేవారు. వాళ్ల మనవలు, మనవరాళ్లలో ఎందరో నేడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇల్లు నడుపుతున్నారు. 2020లో కరోనా వచ్చాక హైదరాబాద్ కంపెనీల పని జడ్చర్ల మిద్దె గదుల్లోకీ వచ్చింది. ఎండ లేదు, బరువు లేదు, ఇంకేం కష్టమని పెద్దలు అనుకోవడం సహజమే. మేమూ అలాగే అనుకున్నాం, మా వంతు వచ్చేదాకా.

2020 సెప్టెంబర్ 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా ప్రభుత్వ బడి పిల్లలకు డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. వర్క్‌షీట్లు పంపడం, ఫోన్‌లోనే దిద్దడం, పిల్లలు పాఠం చూశారో లేదో కనుక్కోవడం ఉపాధ్యాయులుగా మా పని. ఏళ్ల తరబడి నిలబడి పాఠం చెప్పిన మాకు కొన్ని నెలల్లోనే మెడనొప్పి, కళ్లమంట, నిద్రలేమి పట్టుకున్నాయి. బడిలో ప్రతి పీరియడ్‌కూ గంట కొడతారు. లేస్తాం, గది మారుతాం, తోటివారితో రెండు మాటలు మాట్లాడతాం. ఆన్‌లైన్ పనిలో ఆ గంట లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

మా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయికి ఇంకా ముప్పై నిండలేదు. బీపీ బాగా ఎక్కువుందని మందులు మొదలుపెట్టారు. "సార్, నేను రోజూ పొద్దున గంటసేపు నడుస్తా కదా!" అన్నాడు. నడక మంచిదే. ఆ తర్వాత ఎంతసేపు కూర్చుంటావని అడిగితే పదకొండు గంటలన్నాడు. బీపీకి అదొక్కటే కారణమని మేము చెప్పలేం. కానీ గంట నడిచాం కదా అని మిగతా రోజంతా కదలకుండా ఉండకూడదు.

ఈ సంగతి పెద్దలు ఎప్పుడో గమనించారు. లండన్‌లో డాక్టర్ జెర్రీ మారిస్ బస్సు డ్రైవర్లను, కండక్టర్లను పోల్చి చూసి 1953లో ఫలితాలు ప్రకటించారు. ఇద్దరిదీ ఒకే బస్సు. కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది.

కారణం కష్టమైనదేమీ కాదు. కాళ్ల కండరాలు కదిలినప్పుడు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. పిక్కలు బిగిసి వదులవుతుంటే రక్తం పైకి గుండె వైపు చేరుతుంది. కదలకపోతే ఈ రెండు పనులూ మందగిస్తాయి. పైగా టార్గెట్, మేనేజర్ ఫోన్, ఉద్యోగం పోతుందన్న భయం. భయపడిన శరీరం పరుగెత్తడానికి సిద్ధమవుతుంది. రక్తంలో చక్కెర, బీపీ పెరుగుతాయి. మనం మాత్రం కుర్చీలోనే ఉంటాం. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35-40 గంటలు పనిచేసేవారి కంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి.

అందుకే గంట మనమే కొట్టుకోవాలి. ఫోన్‌లో అరగంటకోసారి అలారం పెట్టుకుని రెండు నిమిషాలు లేచి తిరగాలి. ఫోన్ కాల్స్ నిలబడి మాట్లాడవచ్చు. నీళ్లకు చిన్న గ్లాసు పెట్టుకుంటే నింపుకోవడానికైనా లేస్తాం. నమాజు చేసేవారు అజాన్ వినగానే కుర్చీ వదిలితే, అవీ లేచే వేళలే అవుతాయి.

మన తల బరువు దాదాపు 5 కిలోలు. నీళ్ల బిందెను చంకన పెట్టుకుంటే తేలిక, చేయి చాచి పట్టుకుంటే మోయలేం. తల ముందుకు వంచినప్పుడు మెడకూ అదే గతి. ల్యాప్‌టాప్ కింద నాలుగు పుస్తకాలు పేర్చి తెర పైఅంచును కంటి ఎత్తుకు తెచ్చుకోవాలి. కీబోర్డు వేరేగా ఉంటే మంచిది. పాదాలు నేలకు ఆనాలి. తెర చూస్తున్నప్పుడు రెప్పలు తక్కువగా వేస్తాం, అందుకే కళ్లు ఎండిపోతాయి. ప్రతి 20 నిమిషాలకు, 20 అడుగుల దూరంలోని దేన్నైనా 20 సెకన్లు చూడాలి.

చాయ్ సంగతీ చూద్దాం. కప్పుకు రెండు చెంచాల చొప్పున ఆరు కప్పులకు 12 చెంచాలు, అంటే దాదాపు 50 గ్రాముల చక్కెర. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రాత్రి అన్నానికి బదులు మన జొన్నరొట్టె, కూర తిని పది నిమిషాలు నడిస్తే కడుపూ తేలికగా ఉంటుంది.

ఇంట్లోవారికి ఒక మాట. రాత్రి షిఫ్టు చేసిన కొడుకు పగలు పడుకుంటే సోమరి అనకండి. గది చీకటిగా, నిశ్శబ్దంగా ఉండనివ్వండి. కోడలో, కూతురో ఇంటి నుంచి పనిచేస్తుంటే ఇంట్లోనే ఉంది కదా అని వంటంతా ఆమెకే వదలకండి. ఆమె కుర్చీలోంచి లేచేది పొయ్యి దగ్గరికి మాత్రమే అయితే అది విశ్రాంతి కాదు.

ముప్పై దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితంగా చేస్తారు. ముప్పై లోపువారైనా ఇలాంటి కొలువులో ఉంటే ఏడాదికోసారి చూపించుకోవాలి. ఛాతీలో నొప్పి, ఒక్కసారిగా మాట తడబడటం, చేయి తిమ్మిరెక్కడం కనిపిస్తే షిఫ్టు ముగిసేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. మనసు బరువెక్కి నిద్ర పట్టకపోతే, ఎవరితోనూ చెప్పుకోలేకపోతే, ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416లో ఉచితంగా మాట్లాడవచ్చు. అలా మాట్లాడటంలో నామోషీ ఏమీ లేదు.

మన తాతలు చెమటోడ్చి ఇల్లు నిలబెట్టారు. వాళ్ల ఒళ్లు అరిగిపోవడం అందరికీ కనిపించేది. కుర్చీలో అరిగిపోయే ఒళ్లు పైకి కనిపించదు. అందుకే ఇంట్లో అలారం మోగినా పిల్లలు లేవకపోతే, పెద్దలే వెళ్లి తలుపు తట్టాలి. "లే బేటా, కాసేపు బయటికి పోయి రా" అనే ఆ పిలుపే వాళ్లకు బడి గంట.