దూరదేశంలో మా రెండేళ్ళు

మన కోల్‌బెల్టులో "దుబాయి పోయిండు" అంటే దుబాయికే వెళ్ళాడని అర్థం కాదు. మస్కటు, బహ్రెయిన్, సౌదీ, కువైటు అన్నిటినీ మనవాళ్ళు దుబాయి అనే అంటారు. గోదావరిఖని, రామగుండం, పెద్దపల్లి పక్క పల్లెల్లో ఈ మాట వినపడని వాడ తక్కువ. ఈమధ్య మన సంఘాలలోని యౌవనస్థులు మరో మాట తెస్తున్నారు. "ఆస్ట్రేలియానో ఇంగ్లండో పోయి, ఏడాది రెండేళ్ళు పనిచేసుకుంట దేశం చూసి వస్తం" అంటున్నారు. పంపాలా వద్దా అని తల్లిదండ్రులు కాపరులను అడుగుతున్నారు. 1984లో ఇరవై ఏళ్ళ ప్రాయంలో గోదావరిఖని నుండి దుబాయి వెళ్ళిన ఐదుగురు స్నేహితులము మేము. అక్కడ చూచినదీ నేర్చుకున్నదీ ప్రియ పాఠకులకు ఉపయోగపడునని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఎందుకు వెళ్ళాము?

సింగరేణి బొగ్గును 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర కనుగొన్నారు. 1920లో కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. 1960ల నుండి గోదావరి ఒడ్డున మన గోదావరిఖని పెరిగింది. మా తండ్రులందరూ బాయి పని చేసినవారే. తట్టా చెమ్మస్ పట్టి మా కడుపులు నింపారు. అయితే తండ్రి దిగిపోతే ఆ ఉద్యోగం ఒక్క కొడుక్కే వస్తుంది. ఇంట్లో ముగ్గురు కొడుకులుంటే మిగిలిన ఇద్దరు ఏం చేయాలి? ఎరువుల కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది, ఎన్‌టీపీసీ మొదటి యూనిట్ 1983లో వచ్చింది. కానీ ఐటీఐ లేనివారికి అక్కడ దొరికింది కాంట్రాక్టు కూలి మాత్రమే.

అటువైపు 1973లో నూనె ధర ఒక్కసారిగా పెరిగి గల్ఫు దేశాలకు ధనరాశులు వచ్చాయి. రోడ్లు, రేవులు, మేడలు కట్టడానికి చేతులు కావలసి వచ్చాయి. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల నుండి వేలమంది వెళ్ళారు. మేము కూడా వారిలోనే ఉన్నాము. డబ్బు ఒక కారణం. లోకం చూడాలనే యౌవనపు కోరిక రెండవది. ఇది లేదంటే అబద్ధమవుతుంది.

అప్పుతో మొదలైన ప్రయాణం

వీసాకు, టికెట్టుకు మనిషికి 12,000 రూపాయల అప్పు తెచ్చాము. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ. రామగుండంలో బండెక్కి కాజీపేట, సికింద్రాబాదు మీదుగా బొంబాయి చేరి, అక్కడ ఏజెంటు చూపిన గదిలో మూడు వారాలు పడి ఉన్నాము. కాగితం మీద వ్రాసినది 900 దిర్హాములు. దిగిన తరువాత ఇచ్చినది 600. మేస్త్రీ పని అన్నారు, తట్టలు మోయమన్నారు. పాస్‌పోర్టులు మొదటి రోజే తీసుకొని కంపెనీ బీరువాలో పెట్టారు.

అప్పట్లో దిర్హాముకు మూడు రూపాయల పైచిలుకు వచ్చేది. తిండికి 150 దిర్హాములు పోగా మిగిలినది సుమారు 1,400 రూపాయలు. అందులో వడ్డీయే 360. ఇంటికి పైసా పంపకుండా కట్టినా అప్పు తీరడానికి దాదాపు సంవత్సరం పట్టింది. రెండేళ్ళ కష్టంలో మొదటి ఏడాది వడ్డీ వ్యాపారికి చేసిన చాకిరి అన్నమాట.

లాబాను యాకోబు జీతాన్ని పదిసార్లు మార్చాడని ఆదికాండము 31వ అధ్యాయంలో ఉన్నది. చిన్నప్పుడు సండే స్కూలులో విన్న ఆ కథ క్యాంపులో పడుకున్నప్పుడు మాకు బాగా అర్థమయ్యింది. యాకోబుకు కూడా అది పరాయి దేశమే, అతడు కూడా యజమాని మాట నమ్మి పనిలో చేరినవాడే. అతని ఇరవై ఏళ్ళ కష్టాన్ని దేవుడు చూచాడనే మాట మాకు ఆ రోజుల్లో ఊరటగా ఉండేది.

ఎండలో పని, క్యాంపులో బ్రతుకు

మా తండ్రులు చీకటిలో భూమి కింద పనిచేశారు. మేము ఎండలో నాలుగో అంతస్తు సెంట్రింగ్ మీద పనిచేశాము. జూలై, ఆగస్టు నెలల్లో ఇనుప రాడ్ పట్టుకుంటే చేతులు కాలేవి. తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచేవాళ్ళము. గదికి పన్నెండుమంది, పైన ఒకరు కింద ఒకరు మంచాలు. ఒక కేరళ అన్న మాకు రాడ్ బెండింగ్ నేర్పాడు. ఒక పెషావరు పెద్దాయన జ్వరం వచ్చినప్పుడు తన వంతు టీ ఇచ్చేవాడు. భాష, మతం వేరైనా కష్టం ఒక్కటైనప్పుడు మనుషులు దగ్గరవుతారు.

ఉత్తరం రావడానికి పదిహేను రోజులు పట్టేది. అందుకని చాలామంది టేపురికార్డరులో మాటలు నింపి, ఊరికి వెళ్ళేవారి చేతికి క్యాసెట్టు ఇచ్చి పంపేవారు. మాలో ఒకరి అవ్వ పంపిన క్యాసెట్టులో మాటల కంటే ఏడుపే ఎక్కువ. చివర ఒకే మాట: "బిడ్డా, పైసలు ఎన్ని పంపినవో నేను అడుగ. తిన్నవా?"

శుక్రవారపు ఆరాధన

గల్ఫులో అప్పుడు వారపు సెలవు శుక్రవారం. కనుక మా ఆదివారం శుక్రవారం నాడే వచ్చేది. దుబాయిలో హోలీ ట్రినిటీ చర్చి ఉన్నది. ఆ స్థలాన్ని ఇచ్చినవారు అప్పటి పాలకులు షేక్ రాషిద్. ముస్లిం రాజు భూమి ఇస్తే క్రైస్తవ ఆరాధన జరుగుతున్నదని తెలిసి మేము ఆశ్చర్యపడ్డాము. బహ్రెయిన్‌లో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి 1906 నుండి ఉన్నది, అక్కడి సెయింట్ క్రిస్టఫర్ చర్చి 1953 నాటిది.

ఆ ఆవరణలో ఒకే రోజున ఇంగ్లీషు, మలయాళం, అరబ్బీ, ఉర్దూ భాషలలో పాటలు వినవచ్చేవి. తెలుగువాళ్ళము పదిపన్నెండుమందిమి ఒక మూల కూర్చొని ప్రార్థించుకునేవాళ్ళము. మన ఊరి చర్చిలో కులాన్ని బట్టి, ఉద్యోగాన్ని బట్టి కూర్చునే వరుస మారుతుందని మనకు తెలుసు. అక్కడ ఇంజనీరు, ఊడ్చేవాడు ఒకే బల్లమీద కూర్చుని ఒకే పాత్ర నుండి ప్రభువు బల్లలో పాలుపొందారు. ఆ రెండేళ్ళలో మేము చూచిన దృశ్యాలలో ఇంతకంటే గొప్పది లేదు.

ఆరాధన ముగిశాక అబ్రా పడవలో కాలువ దాటి అటూ ఇటూ తిరిగేవాళ్ళము. అప్పట్లో అక్కడి ఎత్తయిన మేడ 1979లో ప్రారంభమైన 39 అంతస్తుల వరల్డ్ ట్రేడ్ సెంటర్. 2010లో అదే నగరంలో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా లేచింది. ఆ రెండేళ్ళలో మాకు సెలవు అంటూ ఉన్నది శుక్రవారం సాయంత్రాలే.

ఏమి తెచ్చుకున్నాము?

1986లో తిరిగివచ్చినప్పుడు ఒకరు చెల్లెలి పెండ్లి చేశారు, ఇంకొకరు రెండు గదుల ఇల్లు వేసుకున్నారు. అయితే ఎక్కువకాలం నిలిచినది డబ్బు కాదు, చేతిపని. ఆ సమయంలో ఎన్‌టీపీసీలో 500 మెగావాట్ల యూనిట్ల నిర్మాణం జరుగుతున్నది. దుబాయిలో నేర్చుకున్న సెంట్రింగ్, రాడ్ బెండింగ్ పనితో మాలో ముగ్గురికి అక్కడ పని దొరికింది. తట్టలు మోయడానికి వెళ్ళినవారు మేస్త్రీలై వచ్చారు.

ఒక స్నేహితుడు మాత్రము తిరిగి వెళ్ళాడు. "ఇంకొక్క రెండేళ్ళు" అంటూ 28 ఏళ్ళు ఉండిపోయాడు. ఆ కాలంలో పదమూడు సార్లు ఇంటికి వచ్చాడు, వచ్చినప్పుడల్లా రెండేసి నెలలు ఉన్నాడు. లెక్కవేస్తే భార్యాపిల్లలతో గడిపినది 26 నెలలు. పిల్లలను చదివించాడు, మేడ కట్టాడు. ఆయన కుమార్తె పెండ్లినాడు మాతో అన్నది: "మా బాపు మంచోడు అంకుల్. కని ఆయనతోని ఏం మాట్లాడాల్నో మాకు తెల్వది." ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది.

పరదేశపు సంపాదన ఒక్క రోజులో చేజారవచ్చు కూడా. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైటును ఆక్రమించాయి. అక్కడి నుండి దాదాపు 1,70,000 మంది భారతీయులను ఎయిరిండియా విమానాలు జోర్డాను రాజధాని అమ్మాన్ మీదుగా ఇల్లు చేర్చాయి. ఎన్నో ఏళ్ళ కష్టాన్ని విడిచి కట్టుబట్టలతో వచ్చినవారెందరో. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు కూడా పనులు పోయి వేలమంది తిరిగివచ్చారు.

ఈనాటి పని-సెలవు

ఆస్ట్రేలియా 1975 నుండి కొన్ని దేశాల యువతకు "వర్కింగ్ హాలిడే" వీసా ఇస్తున్నది. యువతీయువకులు ఒక సంవత్సరం పండ్లతోటలలో, హోటళ్ళలో పనిచేస్తూ దేశం తిరిగి చూస్తారు. ఇటువంటి వీసా 2024లో భారతీయులకు కూడా తెరిచారు. 18 నుండి 30 ఏళ్ళవారికి ఏడాదికి 1,000 మాత్రమే. ఇంగ్లండు 2023లో మొదలుపెట్టిన పథకంలో ఏడాదికి 3,000 మందికి రెండేళ్ళ అవకాశం. దానికి డిగ్రీ, తన పేర 2,530 పౌండ్ల నిల్వ ఉండాలి. రెండింటిలోనూ చీటీలు తీసినట్లు పేర్లు తీస్తారు. కనుక "నేను ఖాయంగా ఇప్పిస్తా" అనే ఏజెంటు మాట నమ్మవద్దు.

మా పనికీ ఈ పనికీ తేడా ఏమిటి? ఆ పిల్లలు కూడా ఎండలోనే పండ్లు కోస్తారు. జీతం తేడా ఉన్నది, కానీ అసలు తేడా అది కాదు. వారి వీసా ఒక యజమానికి కట్టివేసినది కాదు. పాస్‌పోర్టు వారి జేబులో ఉంటుంది. నచ్చకపోతే ఇంకొక పని చూచుకుంటారు, ఇల్లు జ్ఞాపకం వస్తే విమానం ఎక్కుతారు. మా రోజుల్లో కఫీలు ఒప్పుకోనిదే పని మారలేము, ఇంటికీ రాలేము. ఇప్పుడు ఆ దేశాలలోనూ కొంత మార్పు వచ్చింది. ఖతర్ 2020లో, సౌదీ 2021లో పని మారే నియమాలను సడలించాయి. అయితే సౌదీ సడలింపు ఇండ్లలో పనిచేసే స్త్రీలకు వర్తించలేదు. యుఎఈలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల దాకా ఎండలో పని చేయించరాదు.

కాబట్టి బిడ్డను పంపేముందు "జీతమెంత?" అని అడగడం చాలదు. "నచ్చకపోతే తిరిగి రాగలడా?" అని కూడా అడగండి.

గల్ఫుకు వెళ్ళేవారు గమనించవలసినవి

1. పదవ తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుకు గల్ఫు దేశాలకు వెళ్ళేముందు ప్రభుత్వ అనుమతి అవసరం. అది మన రక్షణ కొరకే. విజిట్ వీసా మీద పనికి వెళ్ళవద్దు.

2. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్‌లో చూడండి. అతడు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా కూడా వెళ్ళవచ్చు.

3. ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద రెండేళ్ళకు 275 రూపాయలకే పది లక్షల ప్రమాద బీమా ఉన్నది. దానిని వదలవద్దు.

4. ఒప్పంద పత్రం, వీసా, పాస్‌పోర్టు నకళ్ళు ఇంట్లోనూ కాపరిగారి వద్దనూ ఉంచండి. యుఎఈలో యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధము.

5. వడ్డీకి తెచ్చి వెళ్ళవలసి వస్తే, అది తీరడానికి ఎన్ని నెలలు పడుతుందో కుటుంబమంతా కూర్చొని కాగితం మీద లెక్క వేయండి. తిరిగి వచ్చే సంవత్సరం కూడా ఆ కాగితం మీదనే వ్రాసుకోండి.

సంఘము చేయవలసినది

ప్రయాణమయ్యే వారికొరకు మనము ప్రార్థిస్తాము, సంతోషమే. ఆ తరువాత ఇంటివద్ద మిగిలిన భార్య, వృద్ధులైన తల్లిదండ్రులు రెండేళ్ళు ఒంటరిగా ఉంటారు. స్త్రీల మైత్రివారు నెలకొకసారి ఆ గడప తొక్కితే చాలు. ఒప్పంద పత్రం చదివి చెప్పగల చదువరులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. ఆ అరగంట ఇవ్వడం కూడా కానుకే.

ఇంకొక మాట. పరదేశులు మన మధ్యనే ఉన్నారు. ప్రతి సంవత్సరం చలికాలంలో పెద్దపల్లి చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఒడిశా నుండి కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి, వేసవి దాకా గుడిసెలలో ఉంటాయి. వారూ అడ్వాన్సు అనే అప్పుతోనే వస్తారు. వారి మాట మనకు తెలియదు, మన మాట వారికి తెలియదు. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో పరదేశులుగా బ్రతికిన సంగతి గుర్తుచేసి, పరదేశిని ప్రేమించుమని మోషే చెప్పినది ద్వితీయోపదేశకాండము 10వ అధ్యాయంలో చూడగలరు. కోల్‌బెల్టులో దుబాయి చూడని వాడ లేదు గనుక ఆ మాట మనకే ఎక్కువ చెల్లుతుంది. ఈ క్రిస్మసుకు కేకు పంచేటప్పుడు బట్టీ వైపు కూడా నడవండి. వారి పిల్లలకు జ్వరమైతే ఆసుపత్రి దారి చూపండి. వారిని పేరు పెట్టి పిలవండి. ఎండలో ఉన్న పరదేశికి అది ఎంత మేలో మేము ఎరుగుదుము.