ఎరుపు చూసి పోస్తే.. గేర్‌బాక్సు గోవిందా!
పాత ఆటోమేటిక్ కారుకు ఆయిలు ఎంచుకునేదెలా?

హోసూరు: ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సందు చివర కన్నడం.. మన ఊరి తీరే అంత. బెంగళూరులో పదిహేనేళ్లు తిరిగిన ఆటోమేటిక్ కారు చేతులు మారి ఇక్కడి గుమ్మం ముందుకొచ్చినా ఆశ్చర్యం లేదు. కొన్న నెలకే 'డి'లో వేస్తే ఒక్క కుదుపు! షెడ్డుకు తీసుకెళితే అడిగేది ఒకటే.. 'అన్నా, ఏ ఆయిలు పోయాలి?'

ఎర్రగా ఉన్నదేదో పోసేస్తే సరి అనుకుంటే పొరపాటే. ఆ ఎరుపు కలిపిన రంగు మాత్రమే. లీకైతే ఇంజినాయిలు కాదని గుర్తుపట్టడానికి పనికొస్తుంది. ఈ ఆయిలు జారుడుకే కాదు, గేర్లు మార్చే ఒత్తిడికీ, లోపలి క్లచ్ ప్లేట్ల పట్టుకూ ఇదే ఆధారం. తేడా వస్తే ప్లేట్లు జారి కాలిపోతాయి. అప్పుడు గేర్‌బాక్సు ఖర్చు కారు ధరను మించినా మించొచ్చు.

పేరు మారింది.. చూసుకోండి
ముందు కారు పుస్తకం తీయండి. అది లేకుంటే ఆయిలు పుల్ల మీద చూడండి. చాలా కార్లలో రకం అక్కడే చెక్కి ఉంటుంది. పాత కార్లలో తరచూ కనిపించే పేరు డెక్స్రాన్-3. జనరల్ మోటార్స్ దాని లైసెన్సులను 2006తో ఆపేసింది. దాని స్థానంలో వచ్చింది డెక్స్రాన్-6. పాత హోండాలకు చెప్పిన జడ్-1కు బదులు ఇప్పుడు డీడబ్ల్యూ-1 వాడాలి. టయోటాలో మాత్రం టీ-4 అడిగిన బాక్సులో డబ్ల్యూఎస్ పోయకూడదు. రెండూ వేరు. సీవీటీ అయితే దాని ఆయిలే పోయాలి. 'అన్ని కార్లకూ' అని రాసిన డబ్బా కొంటే, వెనక జాబితాలో మీ రకం ఉందో లేదో చదివాకే డబ్బివ్వండి.

ఒక్కసారితో తీరదు
అడుగు బోల్టు విప్పితే మొత్తం దిగదు. సగమో, అంతకన్నా తక్కువో వస్తుంది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే కొన్నాళ్లు తిప్పి మళ్లీ మార్చాలి. రెండు మూడు విడతల్లో శుభ్రపడుతుంది. దిగినదాన్ని కొలిచి అంతే పోయాలి. ఎక్కువైతే నురగ కడుతుంది. తర్వాత సమతల నేల మీద, బండి వేడెక్కాక పుల్లతో చూడాలి. చాలా కార్లకు ఇంజిను నడుస్తుండగా చూస్తారు. చాలా హోండాలకు ఆపిన వెంటనే చూడాలి. ఇదీ పుస్తకంలోనే ఉంటుంది.

వాసన చెబుతుంది
దిగిన ఆయిలు నల్లబడి మాడు వాసన కొడుతోందా? అందులో లోహపు తునకలున్నాయా? అయితే కొత్త ఆయిలు మందు కాదు. అరిగిన ప్లేటును ఏ డబ్బా బాగుచేయలేదు. ముందు బాక్సు చూపించి, తర్వాతే ఆయిలుకు ఖర్చు పెట్టండి. పాత బండి కొనేవాళ్లూ బేరానికి ముందే పుల్ల తీసి ఓసారి వాసన చూడాలి. డబ్బు చేతులు మారాక చూసి లాభమేముంది?