రోడ్డు మీద దొరికిన వస్తువు

(బి.యస్సీ. రెండవ సంవత్సరం విద్యార్థి)

మా పొలం గట్టు జాతీయ రహదారిని ఆనుకునే ఉంటుంది. మా నాన్నకి ఒక అలవాటుంది. పొద్దున్నే చేలోకి పోయేటప్పుడు రోడ్డు అంచున ఏ బోల్టు, ఏ నట్టు, ఏ గొలుసు ముక్క కనబడినా వంగి తీసి జేబులో వేసుకుంటాడు. ఇంటికి వచ్చాక పశువుల కొట్టంలో ఉన్న రేకు డబ్బాలో పడేస్తాడు. ట్రాక్టరుకో, మోటారుకో ఏనాటికైనా పనికొస్తుందని ఆయన నమ్మకం. నిజం చెప్పాలంటే చాలాసార్లు పనికొచ్చింది కూడా. రైతు ఇంట్లో పారేసే ఇనుము ఉండదు.

సంచికకు సైన్సు వ్యాసం ఒకటి ఇమ్మని సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు ఆ రేకు డబ్బాయే గుర్తొచ్చింది. ఎందుకో చెబుతాను.

2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక లారీ బయలుదేరింది. ఉత్తరాన న్యూమన్ ఊరి దగ్గరున్న ఇనప ఖనిజం గని నుంచి దక్షిణాన పెర్త్ నగరానికి సుమారు 1400 కిలోమీటర్ల ప్రయాణం. మన లెక్కలో చెప్పాలంటే ఇచ్ఛాపురంలో బయలుదేరి తడ దాకా పోయి, మళ్ళీ వెనక్కి తిరిగి విజయవాడ వచ్చినంత దూరం. ఆ లారీలో మరమ్మతుకు పోతున్న ఒక పరికరం ఉంది. ఖనిజం ఎంత చిక్కగా పారుతోందో గామా కిరణాలతో కొలిచే గేజి అది. దాని లోపల సీసియం-137 నింపిన చిన్న గుళిక ఉంటుంది. 6 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 8 మిల్లీమీటర్ల పొడవు. అంటే మన శనగ గింజంత.

లారీ జనవరి 16న పెర్త్ చేరింది. పెట్టెను 25న విప్పారు. చూస్తే గేజి విడిపోయి ఉంది, నాలుగు బోల్టుల్లో ఒకటి లేదు, మరలు ఊడిపోయాయి, గుళిక లేదు! దారి పొడుగునా కుదుపులకి మరలు వదులై, బోల్టు ఊడి, ఆ బోల్టు కన్నంలోంచే గుళిక జారిపోయిందని తేల్చారు. మా నాన్న రోడ్డు మీద ఏరే బోల్టులు కూడా సరిగ్గా ఇలా ఊడిపడినవే గదా!

ఆ శనగ గింజ ఎంత ప్రమాదమో కాస్త లెక్క వేసి చూద్దాం. మా అధ్యాపకులు తప్పులుంటే దిద్దుతారు గాక.

దాని శక్తి 19 గిగాబెక్వెరల్స్. అంటే సెకనుకి 1900 కోట్ల పరమాణువులు విచ్ఛిన్నమౌతున్నాయన్నమాట. సీసియం-137 అర్ధాయువు 30 సంవత్సరాలు కాబట్టి, ఎవరికీ కనబడకుండా దుమ్ములో పడి ఉన్నా మన పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకా అది బతికే ఉంటుంది. ఒక మీటరు దూరంలో నిలబడితే గంటకి సుమారు ఒకటిన్నర మిల్లీసీవర్టుల మోతాదు తగులుతుంది. మనిషికి భూమి నుంచీ ఆకాశం నుంచీ సహజంగా ఏడాది మొత్తం మీద తగిలేది ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టులు. అంటే అక్కడ ఒక గంటన్నర నిలబడితే ఏడాది బాకీ తీరిపోతుంది. ఇంతవరకూ పెద్ద భయపడాల్సిందేమీ లేదు.

ఐతే ఇంటర్మీడియట్‌లో చదువుకున్న విలోమ వర్గ నియమం ఇక్కడే పనికొస్తుంది. దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతు. అదే దగ్గరికి పోతే? పది సెంటీమీటర్లలో వంద రెట్లు. ఒక సెంటీమీటరులో, అంటే చొక్కా జేబులో వేసుకుంటే, పదివేల రెట్లు. గంటకి సుమారు 15 సీవర్టులు. మిల్లీ కాదు, సీవర్టులే. ఒళ్ళంతటికీ ఒక్కసారిగా నాలుగైదు సీవర్టులు తగిలితే వైద్యం లేని మనుషుల్లో సగం మంది బతకరు. జేబులోని గుళిక ఒంటి మీద ఒక్కచోటనే కాలుస్తుంది గాని, ఆ ఒక్కచోట కండ చచ్చిపోయేదాకా కాలుస్తుంది. పైగా ఆ కాలడం అప్పటికప్పుడు తెలియదు. నొప్పి లేదు, వాసన లేదు, వేడి లేదు. ఎరుపు, పొక్కులు గంటలకో రోజులకో బయటపడతాయి. తేలు కుట్టినా వెంటనే తెలుస్తుంది. దీనికి ఆ మర్యాద కూడా లేదు.

ఆస్ట్రేలియా వాళ్ళు జనవరి 27న జనానికి ప్రకటించారు. గుళిక బొమ్మ వేసి చూపించి, కనబడితే ముట్టుకోవద్దు, కనీసం 5 మీటర్ల దూరంలో ఉండండి, బండిలో వేసుకోకండి, ఫోన్ చేయండి అన్నారు. ఆ దారిన వెళ్ళిన వాళ్ళు తమ టైర్ల గాడుల్లో ఇరుక్కుందేమో చూసుకోమన్నారు. ఈ 5 మీటర్లు ఎక్కడి నుంచి వచ్చిందా అని నేను హాస్టల్లో కూర్చుని లెక్క వేశాను. ఇలాంటి ప్రమాదాల్లో మొదట చేరుకునే సిబ్బందికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెప్పే గీత ఒకటుంది. గంటకి 100 మైక్రోసీవర్టులు దాటే చోటు చుట్టూ తాడు కట్టి, పనిలేని వాళ్ళని లోపలికి రానివ్వకూడదు. మన గుళికకి ఆ గీత సుమారు 4 మీటర్ల దగ్గర పడుతుంది. ఇంకో మీటరు కలిపితే 5. లెక్క కుదిరినప్పుడు కలిగిన సంతోషం పరీక్షలో కూడా ఎప్పుడూ కలగలేదు!

వెతకడం ఎలాగ? లారీ జీపీఎస్ చెప్పిన దారి పట్టుకుని, చేతి పరికరాలతో కొందరు, కార్లకి కట్టిన డిటెక్టర్లతో కొందరు బయలుదేరారు. ఫిబ్రవరి 1న గంటకి 70 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండిలోని డిటెక్టరు కూసింది. న్యూమన్‌కి 74 కిలోమీటర్ల దక్షిణాన, రోడ్డు అంచుకి రెండే మీటర్ల దూరంలో గుళిక పడి ఉంది. చుట్టూ 20 మీటర్ల మేర ఎవరినీ రానివ్వకుండా, మీదున్న నంబరుతో సరిపోల్చి, సీసపు పెట్టెలో పెట్టి తీసుకుపోయారు. ఎవరికీ హాని జరిగిన దాఖలా లేదు. గడ్డివాములో సూది అంటాం గాని, ఈ సూది తన ఉనికి తనే చెబుతుంది. వినే చెవి ఉండాలి, అంతే. ఆ చెవి మనిషికి లేదు, డిటెక్టరుకి ఉంది.

చాలామంది మిత్రులు అడిగే ప్రశ్న: అసలు ఇలాంటివి రోడ్డు మీద పంపడం ఎందుకు? పంపకుండా ఎలా? థైరాయిడ్ రోగికి ఇచ్చే అయొడిన్-131 అర్ధాయువు ఎనిమిది రోజులు. తయారైన చోటి నుంచి ఆసుపత్రికి ఆలస్యమైతే దారిలోనే సగం ఐపోతుంది. గొట్టాల అతుకులు పరీక్ష చేయడానికి ఇరిడియం-192 ఊరూరా తిరుగుతుంది. అంతెందుకు, మన కడప జిల్లా తుమ్మలపల్లెలో తీసిన యురేనియం పదార్థం హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సుకే పోతుంది.

వీటికి పెట్టెల నియమాలున్నాయి. తక్కువ శక్తి ఐతే 'ఎ' రకం, ఎక్కువైతే 'బి' రకం. ఈ రెండో రకం పెట్టె నమూనాని 9 మీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీదకి పడేస్తారు, 800 డిగ్రీల మంటలో అరగంట ఉంచుతారు. ఐనా లోపలిది బయటికి రాకూడదు. లారీ బోల్తా పడితే చాలు ఊరు నాశనం అనుకునేవాళ్ళకి ఇది చెప్పాలి. పెట్టె మీద డైమండు ఆకారంలో లేబులు, అందులో మూడు రెక్కల గుర్తు, కింద 7 అంకె ఉంటాయి. తెల్ల లేబులు ఐతే పైన కొలిచే మోతాదు బహు తక్కువ. పై సగం పసుపు, మూడు ఎర్ర గీతలు ఉంటే అన్నిటికన్నా ఎక్కువ. పసుపు లేబులు మీద 'ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్' అని ఒక అంకె రాసి ఉంటుంది. దాన్ని వందతో భాగిస్తే మీటరు దూరంలో గంటకి ఎన్ని మిల్లీసీవర్టులో వస్తుంది. ప్రమాద స్థలానికి వచ్చిన పోలీసుకి ఈ ఒక్క భాగహారం తెలిస్తే చాలా మేలు.

ఇక ప్రమాదమే జరిగితే? మొదట ప్రాణం. డ్రైవరు క్యాబిన్‌లో ఇరుక్కుంటే, గుర్తు చూసి భయపడి దూరంగా నిలబడడం పొరపాటు. గాయపడినవాణ్ణి బయటికి లాగడానికి పట్టే నిమిషాల్లో మనకి తగిలే మోతాదు దాదాపు ఎప్పుడూ స్వల్పమే. మూత వేసిన మూలకం పక్కన కూర్చున్నంత మాత్రాన మనిషి రేడియోధార్మికం ఐపోడు. ఎక్స్‌రే తీయించుకున్నవాడు ఇంటికొచ్చి కిరణాలు చిమ్మడు గదా, ఇదీ అంతే. పొడి గాని ద్రవం గాని చిందితే మాత్రం అది బట్టలకీ చర్మానికీ అంటుకుంటుంది. అప్పుడు పైబట్టలు విప్పించి వేరుగా ఉంచాలి, చేతులు నోటి దగ్గరికి పోనివ్వకూడదు. పెట్టె దెబ్బతింటే చుట్టూ 30 మీటర్లు, బాగా చిందితే 100, మంటలు లేస్తే 300 మీటర్ల దాకా జనాన్ని ఆపమని అణుశక్తి సంస్థ పుస్తకం. గాలి మన వైపు నుంచి పెట్టె వైపుకి వీచేలా నిలబడాలి. ముట్టుకున్నవాళ్ళ పేర్లు రాసుకోవాలి, వాళ్ళని ఇళ్ళకి పంపేయకూడదు. రోడ్డు మీద నీళ్ళు కొట్టి కడిగేద్దామనే ఉత్సాహం వద్దు. కడిగితే అది పంట కాలవలోకి పోతుంది. రవాణాదారు డ్రైవరు దగ్గర ఉంచే అత్యవసర సూచనల కాగితం వెతకాలి, 112కి చెప్పాలి. తక్కిన పని అణుశక్తి శాఖ వాళ్ళదీ, ఎన్‌డీఆర్‌ఎఫ్ దళాలదీ.

ఇంతవరకూ పెట్టె ఉన్న సంగతి. నాకు భయమేసేది పెట్టె లేనిది. లేబులు పెట్టె మీద ఉంటుంది గాని, శనగ గింజ మీద ఎవరు అంటిస్తారు?

2000 సంవత్సరంలో ఈజిప్టులో మీత్ హల్ఫా అనే పల్లెలో ఒక రైతుకి చిన్న లోహపు ముక్క దొరికింది. గొట్టాల అతుకులు పరీక్ష చేసేవాళ్ళు పోగొట్టుకున్న ఇరిడియం-192 అది. విలువైన లోహమేమో అనుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయనా, తొమ్మిదేళ్ళ కొడుకూ చనిపోయారు. ఇంట్లో తక్కినవాళ్ళు ఆసుపత్రి పాలయ్యారు. మన దేశంలో 2010లో ఢిల్లీ మాయాపురి పాత సామాన్ల బజారులో, ఒక విశ్వవిద్యాలయం ల్యాబు వేలం వేసిన పాత యంత్రాన్ని విప్పితే కోబాల్టు-60 బయటపడి ఒక కార్మికుడు చనిపోయాడు. (స్టోర్ రూములు ఖాళీ చేసే అధ్యాపకులు గమనించ ప్రార్థన.) 2019 జనవరిలో రాజమహేంద్రవరంలో చమురు బావుల పరీక్షకి వాడే సీసియం-137 పెట్టె ఒకటి మాయమై, కొద్ది రోజులకి కృష్ణా జిల్లాలో పాత ఇనప సామాన్ల కొట్టులో దొరికింది. మూడు చోట్లా చివరికి చెయ్యి పెట్టింది ఎవరో చూడండి. రైతు, లేదా పాత ఇనుము కొనేవాడు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నేను ఆ రేకు డబ్బా తెచ్చి వాకిట్లో గోనె మీద బోర్లించాను. నట్లు, వాషర్లు, సైకిలు చెయిను ముక్కలు, లాడాలు. వాటి మధ్య మెరుస్తూ ఒక చిన్న స్టీలు గుళిక! సరిగ్గా శనగ గింజంత. సైన్సు చదివినవాణ్ణి, ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గాని, రెండడుగులు వెనక్కి వేశాను. మా తమ్ముడు దాన్ని వేళ్ళతో తీసి చూపించి, "అన్నయ్యా, ఇది మన పంపుసెట్టు బేరింగులోది" అన్నాడు. మా నాన్న నవ్వాడు.

తరవాత ఆయనకి ఈ కథంతా చెప్పాను. ఆస్ట్రేలియా సంగతి విని ఊరుకున్నాడు. ఈజిప్టు రైతు సంగతి చెప్పినప్పుడు మాత్రం చుట్ట పక్కన పెట్టాడు.

"దాని మీద ఏమన్నా రాసుంటదా?"

"ఒకోసారి నంబరు ఉంటుంది నాన్నా. మామూలుగా చూస్తే కనబడదు."

"మరి మాబోటివాళ్ళకి ఎట్టా తెలిసేది?"

తెలియని మెరిసే ముక్కని, అందులోనూ ఊరికే బరువుగా ఉన్న సీసం పెట్టెని ముట్టుకోకుండా, ఎవరినీ దగ్గరికి పోనివ్వకుండా, ఫోన్ చెయ్యమన్నాను. నా దగ్గర అంతకు మించి జవాబు లేదు. ఆయన కాసేపు ఆలోచించి, "సర్లే. ముందు ఆ సైకిలు మీద వచ్చే పాత సామాన్లతనికి చెప్పు. నేను రోజుకి ఒకటి ఏరతాను, వాడు రోజంతా అదే ఏరతాడు. రేపు వస్తాడు, టీ పోసి కూర్చోబెడతాను" అన్నాడు.

మర్నాడు అతను వచ్చాడు. నేను నోటు పుస్తకంలో మూడు రెక్కల గుర్తు గీసి ఇస్తే, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.